కొసరు చుట్టు

మా బాపు కుడి చెయ్యి ఇప్పుడు బుక్కెడు అన్నం కలుపుకోలేదు. బొటనవేలూ దాని పక్కనున్న రెండు వేళ్లూ వంగవు. మణికట్టు లోపల ఇనుప పట్టీ పెట్టి స్క్రూలు బిగించారు. "బతుకంత నేను స్క్రూలు బిగిస్తి, ఇప్పుడు నాకే బిగించిండ్రు" అని దవాఖాన మంచం మీద ఆయనే నవ్వాడు. మాకెవరికీ నవ్వు రాలేదు.

అది నలభై ఏళ్లు రోలింగు షట్టర్లు చేసిన చెయ్యి. దబీర్‌పురా స్టేషనుకు నాలుగడుగుల దూరంలో మా రేకుల షెడ్డు. రైలు పోయినప్పుడల్లా గోడకు తగిలించిన పానాలు గలగలమంటాయి. ఆ చప్పుడులో కూడా బాపు స్ప్రింగు మీద బొటనవేలు ఆనించి, కళ్లు మూసుకొని, "ఇంకో సగం చుట్టు తక్కువున్నది" అని చెప్పేవాడు. కొలిచి చూస్తే సగం చుట్టే తక్కువుండేది. చిన్నప్పుడు నేను దాన్ని మంత్రం అనుకున్నాను. పెద్దయ్యాక నాకు రాలేదు కాబట్టి, అది ఉత్త అలవాటు అని కొట్టిపారేశాను. రానివాడు అంతకంటే ఏం చేస్తాడు.

ఆ చెయ్యి ఎట్లా పోయిందో మా బస్తీలో అందరికీ తెలుసు. బాపే చెప్పాడు. స్ప్రింగుకు కొసరు ఎక్కువ పెట్టాడు, తలుపు ఎగిరింది, చెయ్యి నలిగింది, తప్పు తనదే. పది నెలల పాటు ఎవరు అడిగినా బాపు ఇదే చెప్పాడు. పక్కన నిలబడి నేను తల ఊపాను. జరిగింది వేరు. ఎంత వేరో నాకొక్కడికే తెలుసు.

ముందు కొసరు సంగతి చెప్పాలి. కూరగాయలావిడ తూకం అయ్యాక పైన నాలుగు పచ్చిమిరపకాయలు వేస్తుంది చూడండి, అదే మా బాపు షట్టర్లకు వేసేవాడు. రోలింగు షట్టరు పైన గొట్టం ఉంటుంది, గొట్టం లోపల స్ప్రింగు. గొట్టాన్ని తిప్పి స్ప్రింగుకు ఎన్ని చుట్లు పెడితే షట్టరు అంత తేలిగ్గా లేస్తుంది. బరువును బట్టి ఎన్ని చుట్లో లెక్క ఉంటుంది. బాపు ఆ లెక్క పూర్తి చేసి, పైన ఒక చుట్టు కలిపేవాడు. కొత్త స్ప్రింగు ఆరు నెలల్లో కొంచెం సడలుతుంది, అప్పుడు ఆ చుట్టు కాపాడుతుంది అనేవాడు. అది సగం కారణం. మిగతా సగం ఆయన గొప్ప. లాడ్ బజార్లో గాజుల దుకాణాలు తెరిచే ముసలివాళ్లు, ఆడవాళ్లు ఒంటి చేత్తో షట్టరు లేపి "మీ బాపు పెట్టింది, పువ్వు లెక్క లేస్తది" అంటే ఆయన మూడు రోజులు ఆ మాట మీదే బతికేవాడు. అసలు కన్నా కొసరు ముద్దు అని మా అమ్మ దెప్పేది.

ధూల్‌పేట్‌లో ఒక సేటు ఉన్నాడు. మూడు తరాలుగా విగ్రహాలకు వేసే రంగుల హోల్‌సేల్ వ్యాపారం. ఆ ఇంటి కింది అంతస్తుకు నేను పుట్టిన ఏడాది బాపే షట్టరు పెట్టాడు. నిరుడు సేటు ఆ అంతస్తును కారు పెట్టుకోవడానికి బాగుచేయించి, షట్టరు తీసేసి సెక్షనల్ డోరు పెట్టాలన్నాడు. అంటే పొడవాటి నాలుగు పలకలను కీళ్లతో కలిపిన తలుపు. పక్కల ఉన్న పట్టాల్లో చక్రాల మీద పైకి జరిగి, వంగి, ఇంటి కప్పు కింద పడుకుంటుంది. బాపు దానికి 'ముక్కల తలుపు' అని పేరు పెట్టాడు.

ఆ తలుపులు అమ్మే కంపెనీ వాళ్లు ఊరి బయట రెండు రోజులు పని నేర్పితే వెళ్లి వచ్చాను. ఒక కాగితమూ, రెండు ఇనుప కడ్డీలూ, మెడలో వేసుకునే బిళ్లా ఇచ్చారు. వాళ్లు చెప్పారని పనికి చెప్పులు మాని బూట్లు కొన్నాను. "రెండు దినాల్ల ఏం నేర్పుతరు, చాయ్ కప్పు ఎట్ల పట్టుకోవాల్నో నేర్పుతరు" అన్నాడు బాపు. నేను తగ్గలేదు. తాతకు దగ్గులు నేర్పినట్టు ఆయన ముందు కాగితం పరిచి, ఇదిగో ఇట్లా, అదిగో అట్లా అని చెప్పాను. ఆయన కాగితం వైపు కాక నా బూట్ల వైపు చూస్తూ విన్నాడు.

పని మూడు రోజులు. పాత షట్టరు విప్పే పని బాపు నన్ను ముట్టుకోనివ్వలేదు. తనే విప్పి, పట్టీలన్నీ చుట్టచుట్టి, తాడు కట్టి వాకిట్లో పెట్టాడు. పాత ఇనుము కొనే కబాడీ బండి వాడు దాన్ని నేల మీద ఈడ్చుకుంటూ పోతుంటే "ఎత్తి పట్టుకో భాయ్, ఈడ్వకు" అన్నాడు. వాడు వినిపించుకోలేదు. ఎదురుగా షెడ్డులో తొండం ఇంకా పెట్టని వినాయకుడి బొమ్మలు వరసగా ఆరుతున్నాయి. బాపు కాసేపు అటే చూస్తూ నిలబడి, లోపలికి వచ్చి పట్టాలు బిగించడం మొదలుపెట్టాడు. నాకు ఆయన మీద జాలి వేసింది. ఆ జాలే తర్వాత కొంప ముంచింది.

శుక్రవారం పొద్దున స్ప్రింగుల పని. ఈ తలుపుకు స్ప్రింగులు బయటికే ఉంటాయి. గుమ్మం పైన గోడకు అడ్డంగా ఒక ఇరుసు, దాని మీద రెండు లావు స్ప్రింగులు. ఇరుసు రెండు చివర్లా గిరకలు, గిరకల నుంచి తలుపు అడుగు దాకా తీగలు. స్ప్రింగుకు చివర రంధ్రాలున్న ఇనుప గిన్నె ఉంటుంది. రంధ్రంలో కడ్డీ దూర్చి పావు చుట్టు తిప్పాలి, రెండో కడ్డీ తర్వాతి రంధ్రంలో దూర్చి మొదటిది తీయాలి, మళ్లీ పావు. చుట్లు అయ్యాక గిన్నెను స్క్రూలతో ఇరుసుకు బిగించి, అప్పుడు కడ్డీ తీసేయాలి. స్క్రూలు బిగిసిన క్షణం నుంచి స్ప్రింగు బలమంతా తలుపును పైకి లాగుతుంది. తలుపు కదిలితే ఇరుసు తిరుగుతుంది, ఇరుసుతో పాటు గిన్నె, గిన్నెలో ఉన్న కడ్డీ తిరుగుతాయి. అందుకే మొదలుపెట్టే ముందు తలుపును నేలకు దించి, చక్రం పైన పట్టాకు ఒక బిగింపు పట్కారు వేయాలి. పట్కారు ఉన్నంతసేపు తలుపు కదలదు. ఆ రెండు రోజుల్లో వాళ్లు మాకు పదిసార్లు చెప్పిన మాట ఇదొక్కటే.

నేను పట్కారు వేశాను. నిచ్చెన ఎక్కి, కాగితంలో ఉన్నట్టే ఒక్కో స్ప్రింగుకు ఏడున్నర చుట్లు పెట్టాను. బాపు కింద చేతులు కట్టుకొని నిలబడ్డాడు. అంతా అయ్యాక పట్కారు తీసి, తలుపును నడుము ఎత్తుకు లేపి వదిలాను. పైకి పోలేదు, కిందికి రాలేదు, ఎక్కడ వదిలితే అక్కడే నిలబడింది. సరిగ్గా అట్లాగే ఉండాలి. సేటు భేష్ అని లోపలికి పోయాడు. నేను పొంగిపోయాను.

బాపు వచ్చి తలుపు దించి, ఒంటి చేత్తో లేపి చూసి, మళ్లీ నేలకు దించాడు.

"బరువున్నది" అన్నాడు.

ఈ తలుపు పద్ధతే అంత, ఇంకా తేలికైతే దానంతటదే లేస్తుంది, అది తప్పు అని కాగితం చూపించాను. ఆయన కాగితం తీసుకోలేదు. కాసేపు తలుపు మీద అరచెయ్యి పెట్టి నిలబడ్డాడు.

"కాగితం జూసి ఎవడన్న పెడ్తడు. మనం పెట్టినం అని ఎట్ల తెలుస్తది?"

ఆ మాట ఆయన కోపంగా అనలేదు. నిజంగా తెలియక అడిగినట్టు అడిగాడు. నాకు వాకిట్లో ఈడ్చుకుపోయిన షట్టరు గుర్తొచ్చింది. పొద్దుటి నుంచి ఆయన ముందు నేను వేసిన వేషాలు గుర్తొచ్చాయి. కొసరు ఈ తలుపుకు పనికిరాదని నాకు తెలుసు. తెలిసే, పోనీ ఆయన ముచ్చట తీరనీ, రెండు రోజుల తర్వాత ఏదో వంక పెట్టుకొని వచ్చి ఆ చుట్టు నేను విప్పేస్తాలే అనుకున్నాను. "ఒక్కొక్క దానికి ఒక్క చుట్టు. అంతకు మించి వద్దు" అని కడ్డీలు ఆయన చేతిలో పెట్టాను. అరవై నాలుగేళ్ల మనిషి, నిచ్చెన మెట్లు పడుచువాడిలా ఎక్కాడు.

ఆయన పైకి ఎక్కగానే నేను పట్కారు మళ్లీ వేయాలి. అది ఐదడుగుల దూరంలో పనిముట్ల పెట్టె మీద ఉంది. ఐదడుగులు. నేను వెళ్లలేదు. మా షట్టర్ల పనిలో పైన ఒకరు స్ప్రింగు తిప్పుతుంటే కిందివాడు షట్టరు అడుగు పట్టీ మీద కాలు వేసి తొక్కిపెడతాడు. పదేళ్ల వయసు నుంచి ఆ కాలు నాదే. రెండు చుట్ల పనికి పట్కారు ఎందుకని, తలుపు లోపలివైపు అడుగున ఉన్న పిడి మీద బూటు కాలు వేసి తొక్కి నిలబడ్డాను.

బాపు ముఖం గోడ వైపు ఉంది. స్క్రూలు విప్పబోతూ ఆగి, తల తిప్పకుండా అడిగాడు.

"పట్కారు బిగించినవా?"

"ఆఁ" అన్నాను.

ఎందుకట్లా అన్నానో ఈ పది నెలల్లో నన్ను నేను చాలాసార్లు అడిగాను. పెద్ద కారణం ఏమీ దొరకలేదు. బద్ధకం. అంతే. ఆయన అడుగుతాడు, మనం ఆఁ అంటాం. నీళ్లు పట్టినవా, ఆఁ. గేటు వేసినవా, ఆఁ. బతుకంతా అన్న ఆఁలలో అదొకటి.

ఎడమ స్ప్రింగుకు చుట్టు పెట్టి బిగించాడు. నిచ్చెన జరుపుకొని కుడి స్ప్రింగు మొదలుపెట్టాడు. అప్పుడు సేటు తల్లి లోపలి నుంచి వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, తడి జుట్టుకు తువాలు చుట్టుకొని, చేతిలో పళ్లెం. పళ్లెంలో పసుపు, కుంకుమ, కర్పూరం. శుక్రవారం పదిన్నరకు రాహుకాలం వస్తుంది, ఆ లోపల కొత్త తలుపుకు బొట్టు పెట్టాలి. పని అయిపోయిందని సేటు లోపల చెప్పి ఉంటాడు. ఇంకా కాలేదమ్మా అనాల్సింది నేను. ఆమె నన్ను ఏమీ అడగలేదు, పైన ఉన్న బాపును చూడనూ లేదు. నా పక్కనే గుమ్మం దగ్గర గొంతుక్కూర్చుంది. పసుపులో వేళ్లు ముంచి తలుపు అడుగున రాయడానికి చెయ్యి చాపింది. ఆ వేళ్లకు జానెడు దూరంలో నా బూటు.

గడప మీద కాలు పెడితే వీపు చిట్లగొట్టే ఇంట్లో పెరిగినవాణ్ని. పసుపు రాస్తున్న తలుపు మీద, ఆ పెద్ద మనిషి చేతి పక్కన, బూటు కాలు. ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే తీసేవాణ్ని కాదు. కాలు దానంతటదే వెనక్కి వచ్చింది. మా పనిలో కిందివాడు కాలు తీసే ముందు "ఇడుస్తున్న" అని అరవాలి, పైవాడు "ఇడువు" అనేదాకా ఆగాలి. దేవుడి పళ్లెం పట్టుకొని కూర్చున్న ఆమె చెవి పక్కన అరవడానికి నోరు రాలేదు.

ఆ సమయానికి బాపు కుడి స్ప్రింగు స్క్రూలు బిగించేశాడు. కడ్డీ ఇంకా రంధ్రంలోనే ఉంది, కుడి చెయ్యి కడ్డీ మీద ఉంది.

తలుపు లేచింది. పెద్ద చప్పుడేం కాలేదు, చక్రాలు గరగరమన్నాయి. ఆమె వెనక్కి పడింది, పళ్లెం దొర్లుకుంటూ వాకిట్లోకి పోయింది. పైన కడ్డీ గిర్రున తిరిగి బాపు చేతిని గోడకు వేసి నొక్కింది. ఆయన అరవలేదు. "అగో" అన్నాడు, ఏదో చేతిలోంచి జారిపోయినట్టు. తర్వాత నిచ్చెన, ఆయన కలిసి కిందికి వచ్చారు.

సేటు పరుగెత్తుకొచ్చాడు. తల్లిని లేపాడు, ఆమెకు దెబ్బ తగల్లేదు. కారు తీయడానికి బయటికి పరుగెత్తాడు. బాపు గోడకు ఆనుకొని కూర్చొని, చేతిని ఒళ్లో పెట్టుకొని దాన్నే చూస్తున్నాడు. నేను నా తువాలు చుట్టాను. ఆ తర్వాత చేసిన పని రాయడం కష్టంగా ఉంది, అయినా రాస్తాను. పనిముట్ల పెట్టె మీద ఉన్న పట్కారు తీసి, పెట్టెలో వేసి, మూత వేశాను. బాపు చెయ్యి నుంచి నెత్తురు కారుతుంటే నాకు ఆ బుద్ధి పుట్టింది.

కారులో బాపు కళ్లు మూసుకొని అన్నాడు: "కొసరు ఎక్కువైంది రా. పట్కారును గూడ గుంజుకొని లేచింది. ఒక్క చుట్టే అనుకున్న, లెక్క తప్పినట్టున్న."

నేను ఏమీ అనలేదు. అంతే. ఆ రోజు నుంచి అదే నిజమైపోయింది.

వారం తర్వాత కంపెనీ మనిషి వచ్చి తలుపు చూసి, రెండు స్ప్రింగులకూ ఒక్కో చుట్టు ఎక్కువ ఉందని చెప్పి విప్పేశాడట. సేటు నాకు ఫోన్ చేసి చెప్పాడు. ఇంట్లో నేను చుట్లు ఎక్కువున్నాయట అన్నాను, ఒక్కోటే అని చెప్పలేదు. దాంతో కథకు సాక్ష్యం కూడా దొరికింది. ఒకటి మాత్రం చెప్పాలి. కొసరు ఆ తలుపుకు తప్పే. కానీ పట్కారు ఉండుంటే తలుపు నేల మీదే ఉండేది, బాపు కడ్డీ తీసుకొని దిగేవాడు. పట్కారు తీశాక తలుపు దానంతటదే పైకి తేలేది, ఆయన "అరే" అని తల గోక్కునేవాడు, నేను చుట్టు విప్పేవాణ్ని. సాయంత్రం దాకా ఆయన్ని ఆటపట్టించేవాణ్ని. కొసరుకు పడాల్సిన శిక్ష అంతవరకే.

ఆపరేషన్లు రెండు జరిగాయి. మూడో నెలకు వేళ్లు వంగవని తేలింది. అమ్మ రోజూ ఏడ్చి, ఏడ్చి, చివరికి కోపానికి వచ్చింది. "నీ కొసరు నీ చెయ్యినే తిన్నది" అనేది. ఆయన ఎదురు చెప్పేవాడు కాదు. ఎడమ చేత్తో చెంచా పట్టడం నేర్చుకున్నాడు. ఎడమ చేత్తో తింటే నలుగురూ చూస్తారని పెళ్లిళ్లకు, దినాలకు పోవడం మానేశాడు. షెడ్డుకు వచ్చేవాడు, స్టూలు మీద కూర్చునేవాడు. ఒకసారి స్ప్రింగు చూపించి, ఎడమ బొటనవేలు పెట్టి చూడు బాపూ అన్నాను. చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

"నాకు తెల్వదు. నా అందాజ తప్పింది. ఇగ నువ్వే కాగితం జూసి పెట్టు."

తప్పలేదని చెప్పడానికి నాకు అవకాశం లేక కాదు. ప్రతి రోజూ ఉంది. చెయ్యి ఎట్లాగూ పోయింది, ఇప్పుడు చెప్తే కొడుకు కూడా పోతాడు, ఆయనకు ఒక్కటి పోతే చాలదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆయన మీద ప్రేమతో దాస్తున్నట్టు నటించాను. దాచింది నా కోసం.

పదో నెలలో బాపుకు కొత్త ఫికర్ పట్టుకుంది. నలభై ఏళ్లలో ఎన్ని షట్టర్లకు కొసరు పెట్టాడో, ఎవరి చెయ్యి ఎప్పుడు పోతుందో అని. నిద్ర పట్టడం లేదన్నాడు. ఒకరోజు నన్ను కూర్చోబెట్టి గుర్తున్న దుకాణాలన్నీ చెప్పి రాయించాడు. లాడ్ బజార్లోనే పద్నాలుగు. అన్నిటికీ ఒక్కో చుట్టు తగ్గించి రమ్మన్నాడు. రోలింగు షట్టరుకు ఆ చుట్టు మంచే చేస్తుందని, ఇన్నేళ్లలో ఎవరికీ ఏమీ కాలేదని చెప్పాను. "నాక్గూడ నలభై ఏండ్లు ఏం గాలే" అన్నాడు.

వెళ్లాను. ఏమని వెళ్లకుండా ఉండాలి? మొదటి రెండు దుకాణాల్లో సర్వీసు అని చెప్పి చుట్టు తగ్గించాను. మూడోది లక్క గాజుల దుకాణం. నడిపేది ఒక ముసలామె. భర్త పోయాక ముప్పై ఏళ్లుగా ఆమే. ఎడమ భుజం లేవదు, కుడి చేత్తోనే షట్టరు తీస్తుంది, వేస్తుంది. నేను పని చేస్తుంటే చాయ్ తెప్పించింది, బాపు చెయ్యి గురించి అడిగింది, దువా చేస్తున్నానంది. పని అయ్యాక షట్టరు లేపి చూడమన్నాను. కుడి చేత్తో పట్టి గుంజింది. మోకాలి దాకా వచ్చి ఆగింది. మళ్లీ గుంజింది. ఎడమ చెయ్యి కూడా వేయబోయి, భుజం పట్టేసి, పళ్లు బిగించి వదిలేసింది. షట్టరు దభీమని పడింది.

ఆమె నన్ను తిట్టలేదు. షట్టరు వైపు చూస్తూ మెల్లగా అడిగింది.

"మీ బాపుకు నా మీద ఏమన్న గుస్సా వచ్చిందా, బేటా?"

లేదని చెప్పాను. ఇంకేం చెప్పానో గుర్తు లేదు. రేపు వచ్చి సరిచేస్తానని, ఆ ఒక్క రోజుకు పక్క దుకాణం వాళ్లను షట్టరు వేయమని బతిమాలి, స్కూటరు మీద ఇంటికి వచ్చాను. దారి పొడుగునా నాకు నా మీద అసహ్యం వేసింది. ఒక ఆఁ కోసం ఆయన చెయ్యి తీసుకున్నాను, ఆ చేతి మీద ఆయనకున్న నమ్మకం తీసుకున్నాను. ఇప్పుడు ఆయన నలభై ఏళ్ల పనిని ఆయన మాట మీదే దుకాణం తర్వాత దుకాణం పాడుచేసి వస్తున్నాను.

మధ్యాహ్నం. బాపు పళ్లెం ముందు కూర్చొని ఉన్నాడు. అమ్మ అన్నంలో పప్పు కలిపి పెట్టింది, ఆయన ఎడమ చేతిలో చెంచా ఉంది. నేను చెప్పులు విప్పి ఆయన ఎదురుగా నేల మీద కూర్చున్నాను. మెత్తగా ఎట్లా చెప్పాలో దారిలో అనుకున్నవన్నీ మరిచిపోయాను. ఆ రోజు పట్కారు వేయలేదని చెప్పాను. కాలు వేసి నిలబడ్డానని, సేటు తల్లి బొట్టు పెట్టడానికి వస్తే కాలు తీశానని, పిలవలేదని చెప్పాను. పట్కారు పెట్టెలో దాచింది కూడా చెప్పాను. కొసరు ఒక్క చుట్టే ఉందని, ఆయన లెక్క తప్పలేదని చెప్పాను. పొద్దున మూడు షట్టర్లకు చుట్టు తగ్గించానని, లక్క గాజుల ముసలామెకు షట్టరు లేవలేదని కూడా చెప్పాను. అమ్మ వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకొని అట్లాగే నిలబడిపోయింది.

బాపు చెంచా పళ్లెంలో పెట్టాడు. కుడి చేతిని ఎడమ చేత్తో ఎత్తి, ఒళ్లో పెట్టుకొని, వంగని వేళ్లను ఒక్కొక్కటిగా ముట్టుకున్నాడు.

"అంటే ఇది తప్పు చెయ్యలే" అన్నాడు.

"చెయ్యలే, బాపూ."

నేను తిట్ల కోసం ఎదురుచూశాను. చెంప మీద ఒకటి కొడితే బాగుండుననిపించింది, కొట్టే చెయ్యి లేదని వెంటనే తట్టింది. ఏడుపు వచ్చింది. ఆయన నా ఏడుపు వైపు చూడలేదు.

"నేను అడిగిన" అన్నాడు. "పట్కారు బిగించినవా అని అడిగిన. ఆఁ అన్నవు."

"అన్న."

ఆయన చెంచా తీసుకున్నాడు. రెండు ముద్దలు తిన్నాడు. నీళ్లు తాగాడు.

"రేపు పొయ్యి ఆ మూడు షట్టర్లకు మళ్ల చుట్టు పెట్టి రా. కిందివానికి బదులు తాడు కట్టుకొని ఒక్కనివే చేసుకో." మామూలు పని పురమాయిస్తున్నట్టే అన్నాడు: "ఇగ నువ్వు కింద నిలబడే పని చెయ్యకు. ఎవ్వరికీ నిలబడకు."